పేరు కలిసినంత మాత్రాన చుట్టాలవుతారా?

మీ దగ్గర ఇంగ్లీషు నిఘంటువు ఉంటే ఒక్కసారి తీయండి. 'ఎం' అక్షరం దగ్గర రెండు మాటలు వెతకండి. ఒకటి మెట్రాలజీ, రెండోది మీటియరాలజీ. దొరికాయా? ఇప్పుడు ఆ రెండింటినీ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి ఇంగ్లీషు అక్షరాలలో రాయండి. రెండో మాటలో 11 అక్షరాలున్నాయి. అందులో 'టి' తరువాత వచ్చే 'ఇ', 'ఓ' అనే రెండు అక్షరాలనూ కొట్టివేయండి. మిగిలినదేమిటి? అచ్చంగా మొదటి మాటే!

ఇంత దగ్గర పోలిక ఉన్నప్పుడు ఇవి అన్నదమ్ములని ఎవరైనా అనుకుంటారు. పరీక్షలో ఒకదానికి బదులు ఇంకొకటి రాసి మార్కులు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. కాని ఈ రెండు మాటలకూ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. మెట్రాలజీ అంటే కొలతల శాస్త్రం. మీటియరాలజీ అంటే వాతావరణ శాస్త్రం. ఒకటి తక్కెడను, మీటరుబద్దను చూస్తుంది. మరొకటి మబ్బును, గాలిని, వానను చూస్తుంది.

మరి పోలిక ఎలా వచ్చింది? మాటల పుట్టుకను కనుక్కోవడం ఎలా? చుట్టరికం లేని ఈ రెండు శాస్త్రాలూ ఒకదానినొకటి విడిచి ఎందుకు బతకలేవు? చూద్దాం రండి.

మొదటి మాట: కొలత

ముందుగా రెండు మాటల తోకలను పక్కన పెడదాం. చివర ఉన్న 'లజీ' రెండింటికీ ఒకటే. జువాలజీ, జియాలజీ, బయాలజీ మాటల చివర ఉన్నది కూడా ఇదే. మాట, చర్చ అనే అర్థాలున్న 'లోగోస్' అనే గ్రీకు పదం నుండి వచ్చింది. ఒక విషయాన్ని గురించిన శాస్త్రం అని చెప్పడానికి దీనిని తగిలిస్తారు. ఒకే రంగు చొక్కా తొడుక్కున్నంత మాత్రాన ఇద్దరు అన్నదమ్ములైపోరు కదా! కాబట్టి తోకను వదిలి తల వైపు చూడాలి.

మెట్రాలజీకి తల 'మెట్రాన్' అనే గ్రీకు మాట. దానికి అర్థం కొలత. ఈ మాట మీకు కొత్తదేమీ కాదు. మీ పుస్తకాల నిండా అదే ఉంది. థర్మామీటరు వేడిని కొలుస్తుంది. స్పీడోమీటరు వేగాన్ని కొలుస్తుంది. వృత్తానికి అడ్డంగా కొలిచేది డయామీటరు. ఆకారం చుట్టూ కొలిచేది పెరిమీటరు. జామెట్రీ అంటే మొదట భూమిని కొలవడమనే అర్థం.

ఇప్పుడొక ఆశ్చర్యకరమైన సంగతి. జామెట్రీని తెలుగులో ఏమంటాం? జ్యామితి. ట్రిగొనామెట్రీని? త్రికోణమితి. బారోమీటరును? భారమితి. ఈ మూడింటిలోనూ ఉన్న 'మితి' ఏమిటి? కొలత! మితం, పరిమితి, పరిమాణం, ప్రమాణం, మానం, మాత్ర, ఇవన్నీ కొలత అనే భావం నుండి వచ్చిన సంస్కృత పదాలే. వైద్యుడిచ్చే మాత్ర అంటే కొలిచి ఇచ్చిన మోతాదు. ఛందస్సులో మాత్ర అంటే అక్షరం పలికే కాలానికి కొలత. ఇంగ్లీషు పద్యాల నడకను కూడా 'మీటర్' అనే అంటారు.

ఇది కాకతాళీయం కాదు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అనే న్యాయమూర్తి సంస్కృతానికి, గ్రీకుకు, లాటినుకు ఉన్న పోలికలను ఎత్తిచూపాడు. ఇవి మూడూ ఒకే మూలభాష నుండి పుట్టి ఉండాలని చెప్పాడు. తరువాతి పండితులు ఆ దారినే వెళ్లి వేలాది పదాలను పోల్చి చూశారు. గ్రీకు 'మెట్రాన్', సంస్కృత 'మాత్ర' ఒకే ధాతువు నుండి వచ్చాయని ఎక్కువమంది భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంటే మెట్రాలజీకి పక్కింటి మీటియరాలజీ చుట్టం కాదు. ఎంతో దూరాన ఉన్న మన 'పరిమాణం' దానికి చుట్టం!

ఇక్కడ తొందరపడి ఇంకో పొరపాటు చేయకండి. ఈ పదాలన్నీ తెలుగులో ఉన్నాయి కాబట్టి తెలుగు కూడా సంస్కృతం నుండి పుట్టిందనుకోకూడదు. 1816లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే అధికారి ఈ సంగతినే విడమరచి చూపాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక ప్రత్యేక కుటుంబానికి చెందిన భాషలు. సంస్కృత పదాలను తెలుగు తెచ్చి వాడుకుంది, అంతే. మన మూర, జాన, బార అచ్చమైన ఇంటి మాటలు. పుట్టుక వేరు, అరువు వేరు. పేరును చూసి వంశం చెప్పరాదనడానికి ఇది మరో ఉదాహరణ.

రెండో మాట: ఆకాశం

మీటియరాలజీకి తల 'మీటియరాస్' అనే మరో గ్రీకు మాట. పైకి ఎత్తబడినది, గాలిలో ఎత్తున ఉన్నది అని దాని అర్థం. ఇందులో కొలతకు సంబంధించినదేదీ లేదు. 'మెటా' అనే ఉపసర్గకు ఎత్తడం అనే క్రియ చేరితే ఈ మాట తయారయింది. శబ్దంలోని పోలిక కేవలం కాకతాళీయం.

సుమారు 2,350 సంవత్సరాల క్రితం గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ 'మీటియరాలజికా' అనే గ్రంథం రాశాడు. వాన, వడగళ్లు, మంచు, గాలి, పిడుగు, ఇంద్రధనుస్సు వీటన్నింటినీ అందులో చర్చించాడు. అక్కడితో ఆగక తోకచుక్కలను, రాలే చుక్కలను, పాలపుంతను కూడా అందులోనే చేర్చాడు. ఇవన్నీ చంద్రునికి దిగువనే, గాలిలోనే జరుగుతాయని ఆయన నమ్మకం. ఇంగ్లీషులో ఉల్కను 'మీటియర్' అనడం కూడా ఈ మాట నుండి వచ్చిందే.

అయితే నేటి వాతావరణ శాస్త్రజ్ఞుడిని ఉల్కల గురించి అడిగి చూడండి. "అది నా పని కాదు, ఖగోళ శాస్త్రజ్ఞుడిని అడగండి" అంటాడు! మీటియరాలజీ మీటియర్లను చదవకపోవడమేమిటి? పేరు ఇక్కడే ఉంది, ఉల్క మాత్రం వెళ్లిపోయింది. దానిని ఇక్కడి నుండి పంపించినది ఎవరో తెలుసా? కొలత!

1577లో ఒక పెద్ద తోకచుక్క కనిపించింది. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు టైకో బ్రాహీ దాని స్థానాన్ని జాగ్రత్తగా కొలిచాడు. అది చంద్రుని కంటే ఎంతో దూరంలో ఉందని తేలింది. దానితో తోకచుక్క గాలిలోని వస్తువు కాదని రుజువయింది. ఉల్కల వంతు తరువాత వచ్చింది. 1794లో జర్మనీకి చెందిన క్లాడ్నీ అనే శాస్త్రజ్ఞుడు ఆకాశం నుండి పడే రాళ్లు అంతరిక్షం నుండే వస్తాయని రాశాడు. చాలామంది నమ్మలేదు.

1798లో జర్మనీలోని గట్టింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు, బ్రాండెస్, బెంజెన్‌బర్గ్ అనేవారు, ఒక పని చేశారు. రాత్రిపూట దూరదూరంగా రెండు చోట్ల కూర్చుని ఒకే రాలే చుక్కను గుర్తించారు. నక్షత్రాల మధ్య అది ఎక్కడ కనిపించిందో ఇద్దరూ నమోదు చేశారు. ఇద్దరికీ అది కాస్త వేరు వేరు చోట్ల కనబడింది. ఆ తేడా నుండి త్రికోణమితి సహాయంతో దాని ఎత్తును లెక్కగట్టారు. అది పదుల కిలోమీటర్లని తేలింది. మబ్బులు తిరిగే ఎత్తు కంటే ఇది ఎంతో ఎక్కువ. 1803లో ఫ్రాన్సులోని లెగిల్ గ్రామం మీద రాళ్లవాన పడినప్పుడు బియో అనే శాస్త్రజ్ఞుడు స్వయంగా వెళ్లి విచారించాడు. ఆ తరువాత క్లాడ్నీ మాటను శాస్త్రలోకం అంగీకరించింది. ఉల్క ఖగోళ శాస్త్రంలోకి చేరిపోయింది. మీటియరాలజీకి గాలి, వాన, మబ్బు మిగిలాయి.

దీనిని బట్టి ఒక సంగతి తెలుస్తుంది. మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాని మొదటి అర్థం తెలుస్తుంది. నేటి అర్థం మాత్రం దాని ప్రయాణాన్ని బట్టి తెలుసుకోవాలి.

1875లో ఏం జరిగింది?

ఈ రెండు శాస్త్రాల చరిత్రలో 1875 మరిచిపోరాని సంవత్సరం. వింతగా రెండింటికీ అదే ముఖ్యమైన ఏడాది.

ముందు మన దేశం సంగతి. 1864 అక్టోబరులో కలకత్తాను ఘోరమైన తుఫాను ముంచింది. పదుల వేల మంది చనిపోయారు. ఆ వెంటనే నవంబరులో మచిలీపట్నం మీదికి సముద్రం వచ్చి పడింది. అక్కడా వేలాది ప్రాణాలు పోయాయి. 1866లో, 1871లో రుతుపవనాలు ముఖం చాటేశాయి. ఆకాశాన్ని గమనించే పని ఎవరో ఒకరికి, ఎక్కడో ఒకచోట వదిలిపెడితే చాలదని అప్పుడు అర్థమయింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దానికి మొదటి అధికారి. చెల్లాచెదురుగా ఉన్న పరిశీలన కేంద్రాలన్నీ ఒక గొడుగు కిందికి వచ్చాయి.

ఆ ఏడాదే మే 20న పారిస్ నగరంలో 17 దేశాల ప్రతినిధులు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. దాని పేరు మీటరు ఒప్పందం. అప్పటికి ఒక్కో దేశానికి ఒక్కో కొలత. ఒకే దేశంలో ఊరికో కొలత. మన దగ్గర మాత్రం? శేరు, వీశ, మణుగు, సోల, తవ్వ, మానిక, కుంచం, పుట్టి అంటూ ఎన్నో. పైగా ఒక ఊరి శేరు ఇంకో ఊరి శేరుతో సరిపోయేది కాదు.

ఫ్రెంచి విప్లవ కాలంలో అక్కడి శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విడదీయాలని సంకల్పించారు. రాజుగారి చేయి, రాజుగారి పాదం కొలతలు వద్దు, అందరిదీ అయిన భూమినే కొలతగా తీసుకుందాం అన్నారు. ఉత్తర ధ్రువం నుండి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటో వంతును మీటరు అన్నారు. 1792 నుండి డెలాంబ్ర్, మెషాన్ అనే ఇద్దరు డంకర్క్ నుండి బార్సెలోనా వరకు కొలతలు వేస్తూ తిరిగారు. యుద్ధాలు, అరెస్టులు, అనుమానాలు, అన్నీ భరించారు. 1799లో ప్లాటినంతో మీటరుబద్ద తయారయింది.

ఇప్పుడు మీటరుకు బద్దతో పని లేదు. శూన్యంలో కాంతి ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు. 1983 నుండి ఇది నిర్వచనం. పారిస్ దగ్గర భద్రపరచిన లోహపు దిమ్మే 1889 నుండి కిలోగ్రాముకు ప్రమాణంగా ఉండేది. 2019 మే 20 నుండి దానికి బదులు ప్లాంక్ స్థిరాంకమనే ప్రకృతి స్థిరాంకాన్ని ఆధారం చేసుకున్నారు. ఆ దిమ్మెకు చేసిన నకళ్లలో 57వ సంఖ్య గలది మన దేశానిది. దానిని న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంచారు. మన దేశంలో మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు 1 నుండి దశలవారీగా అమలులోకి వచ్చాయి.

రెండూ కలిసే చోటు

ఇప్పుడు వాతావరణ పరిశీలన కేంద్రంలోకి వెళదాం. అక్కడ ఏమేమి పరికరాలున్నాయి? వేడికి థర్మామీటరు. గాలి ఒత్తిడికి బారోమీటరు. తేమకు హైగ్రోమీటరు. గాలి వేగానికి ఎనిమోమీటరు. పేర్లు గమనించారా? మీటియరాలజీ వారి పరికరాలన్నింటి పేర్లలోనూ 'మెట్రాన్' వచ్చి కూర్చుంది! పుట్టుకలో సంబంధం లేని రెండు మాటలు పనిలో ఇలా ఒకచోట చేరాయి.

ఇది పేర్ల సరదా మాత్రమే కాదు. 1854 నవంబరు 14న నల్ల సముద్రంలో పెద్ద తుఫాను వచ్చింది. బాలాక్లావా రేవు దగ్గర బ్రిటిష్, ఫ్రెంచి నౌకలు ఎన్నో మునిగిపోయాయి. పారిస్ నక్షత్రశాల అధిపతి లెవెర్రియే యూరప్ అంతటి నుండి ఆ రోజులలోని పరిశీలనలను తెప్పించాడు. వాటిని వరుసగా పేర్చి చూస్తే తుఫాను అక్కడికక్కడ పుట్టలేదనీ, యూరప్‌ను దాటుకుంటూ వచ్చిందనీ తేలింది. ముందే తంతి వార్త పంపి ఉంటే నౌకలు జాగ్రత్తపడేవి.

కాని ఇలా పేర్చాలంటే ఒక షరతు ఉంది. పారిస్ అంకె, లండన్ అంకె ఒకే భాష మాట్లాడాలి. ఆ రోజుల్లో ఫ్రాన్సువారు పాదరసం ఎత్తును మిల్లీమీటర్లలో, ఇంగ్లండువారు అంగుళాలలో చెప్పేవారు. వేడిని ఒకరు సెల్సియస్‌లో, ఒకరు ఫారన్‌హీట్‌లో, మరొకరు రోమర్ మానంలో కొలిచేవారు. 1873లో వియన్నాలో వివిధ దేశాల వాతావరణ శాస్త్రజ్ఞులు సమావేశమై చర్చించిన విషయాలలో పరిశీలనలను ఒకే తీరుకు తేవడం ముఖ్యమైనది. ఆకాశానికి సరిహద్దులు లేవు. కాబట్టి దానిని కొలిచే కొలతకు కూడా సరిహద్దులు ఉండకూడదు.

ఒక లెక్క చూడండి. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి సాధారణంగా 1013 హెక్టోపాస్కల్స్ ఉంటుంది. అంటే 760 మిల్లీమీటర్ల పాదరసం. మనవంటి ఉష్ణమండల ప్రాంతాలలో ఇది రోజూ ఒక లయలో కాస్త పెరిగి తగ్గడమే తప్ప పెద్దగా మారదు. అందుకే నావికులకు ఒక పాత సూత్రం ఉంది. రోజువారీ మార్పును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఒత్తిడి మామూలు కంటే 3 హెక్టోపాస్కల్స్ తగ్గితే అనుమానించాలి. 5 తగ్గితే దగ్గరలో తుఫాను ఉన్నట్లే. 3 హెక్టోపాస్కల్స్ అంటే పాదరసంలో ఎంత? 2 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ! మీ స్కేలు మీద రెండు చిన్న గీతల దూరం.

ఇప్పుడు ఆలోచించండి. మీ బారోమీటరు ఆ రెండు గీతలంత ఎక్కువ చూపిస్తూ ఉంటే ఏమవుతుంది? సముద్రంలో తుఫాను పుట్టినా, అది "అంతా బాగానే ఉంది" అంటుంది. అందుకే పరికరాలను మేలైన ప్రామాణిక పరికరంతో సరిచూడాలి. ఆ ప్రామాణిక పరికరాన్ని అంతకంటే మేలైనదానితో సరిచూడాలి. ఇలా మెట్టు మెట్టుగా పైకి వెళితే చివరకు జాతీయ ప్రయోగశాలలోని ప్రమాణం దగ్గరకు చేరుతాం. ఈ మెట్లను కాపాడడమే మెట్రాలజీ పని. ఆ మెట్లెక్కి ఆకాశంలోకి చూడడం మీటియరాలజీ పని.

కొలత తప్పితే

కొలత మాట తప్పితే ఏమవుతుందో ఒక నిజమైన ఉదంతం చూడండి. 1998 డిసెంబరు 11న అమెరికా సంస్థ నాసా ఒక అంతరిక్ష నౌకను కుజ గ్రహానికి పంపింది. దాని పేరు మార్స్ క్లైమేట్ ఆర్బిటర్. పేరులోనే ఉంది, అది కుజుని మీది వాతావరణాన్ని పరిశీలించడానికి వెళ్లినది. తొమ్మిది నెలలకు పైగా ప్రయాణం చేసింది. 1999 సెప్టెంబరు 23న కుజుని చాటుకు వెళ్లి మళ్లీ కనిపించలేదు.

విచారణలో కారణం బయటపడింది. దారిని సరిదిద్దే చిన్న రాకెట్ల తోపుడును లెక్కించడంలో ఒక కంప్యూటర్ కార్యక్రమం పౌండ్ల లెక్కను వాడింది. ఆ అంకెలను అందుకున్నవారు అవి న్యూటన్లలో ఉన్నాయనుకున్నారు. ఒక పౌండు బలం అంటే సుమారు 4.45 న్యూటన్లు. అంటే ప్రతిసారీ నాలుగున్నర రెట్ల తేడా. కుజుని మీద సుమారు 226 కిలోమీటర్ల ఎత్తున పోవలసిన నౌక 57 కిలోమీటర్ల దగ్గరకు దిగిపోయింది. అక్కడి వాయుమండలపు రాపిడికి అది తట్టుకోలేదు. మీటియరాలజీ కొరకు వెళ్లిన నౌక మెట్రాలజీ లోపం వలన నాశనమయింది!

అది మనుషులు లేని నౌక. పోయినది డబ్బు, శ్రమ. భూమి మీద మాత్రం పందెం ప్రాణాలే. 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీదికి వచ్చింది. సుమారు 10 వేల మంది చనిపోయారు. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగితే ఆ రాత్రి సంగతి చెప్పగలరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. చెట్లు కూలాయి, ఇళ్లు ఎగిరిపోయాయి, నగరమంతా చీకటైంది. కాని మృతుల సంఖ్య వేలలో కాదు, పదులలో ఉంది. రెండు తుఫానులూ ఒకే రకమైనవి కావు, రెండు చోట్లా నేల తీరూ ఒకటి కాదు. అయినా ఒక పెద్ద తేడా ఉంది. ఈసారి ఉపగ్రహాలు, రాడార్లు తుఫానును రోజుల తరబడి వెంటాడాయి. అది ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుందో ముందే చెప్పారు. లక్షల మందిని ముందుగానే తరలించారు. ఉపగ్రహం చూసే ఉష్ణోగ్రత అయినా, రాడార్ చెప్పే దూరమైనా కొలతే. అది తప్పితే హెచ్చరిక కూడా తప్పుతుంది.

పాతకాలపు వర్షమానం

ఈ రెండు శాస్త్రాల కలయిక మనకు కొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో కోష్ఠాగారం, అంటే ధాన్యపు గిడ్డంగి, దగ్గర ఒక పాత్ర పెట్టాలని ఉంది. దాని మూతి ఒక అరత్ని, అంటే ఇంచుమించు ఒక మూర, వెడల్పు ఉండాలి. దానిలో పడిన వానను కొలిచి ఏ ప్రాంతంలో ఎంత కురిసిందో చూసి విత్తనాలు వేయించాలి. అశ్మక దేశానికి పదమూడున్నర ద్రోణాల వాన అని కూడా అందులో లెక్క ఉంది. ఆ అశ్మకుల రాజధాని నేటి నిజామాబాదు జిల్లాలోని బోధన్ అని కొందరు చరిత్రకారులు భావిస్తారు.

ఆ పాత్ర పేరు వర్షమానం. వర్షం ఆకాశానిది. మానం కొలత. రెండు శాస్త్రాలూ ఒకే మాటలో!

అదే గ్రంథంలో తూనికలు, కొలతలను చూసే పౌతవాధ్యక్షుడనే అధికారి కూడా ఉన్నాడు. తూకపు రాళ్లు తడిస్తే పెరగనివి, వేడికి తరగనివి అయి ఉండాలని నియమం. కాలం మారినా కొలత మారకూడదన్న ఆలోచన అప్పుడే ఉందన్నమాట.

మీరే చేసి చూడండి

మీ బడిలో కూడా ఒక వర్షమానం పెట్టవచ్చు. అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్లకు, గోడలకు దూరంగా, గాలికి పడిపోకుండా ఆరుబయట ఉంచండి. రోజూ ఉదయం 8:30 గంటలకు అందులోని నీటి లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. మన వాతావరణ శాఖ కూడా వానను ఆ వేళకే లెక్క చూస్తుంది. స్కేలుకు సున్నా గీత అంచునే ఉందో లేదో చూడండి. అంచుకు, సున్నాకు మధ్య ఖాళీ ఉంటే దానిని కలుపుకోవాలి. కొలిచాక నీటిని పారబోసి డబ్బాను మళ్లీ పెట్టండి.

డబ్బా వెడల్పుతో పని లేదు. వెడల్పు పెరిగితే పడే నీరూ పెరుగుతుంది, అది పరుచుకునే చోటూ పెరుగుతుంది. అందువలన లోతు మారదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు. మీ ఆటస్థలం వైశాల్యం తెలిస్తే నిన్న రాత్రి దాని మీద ఎన్ని లీటర్లు కురిసిందో మీరే చెప్పగలరు.

డబ్బాలు రెండు పెట్టి ఇద్దరు విడివిడిగా కొలవండి. అంకెలు కలవకపోతే పోట్లాడుకోకండి. ఎందుకు కలవలేదో వెతకండి. మెట్రాలజీ అక్కడే మొదలవుతుంది!

ఇక మాటల సరదా. కింది మాటలలో 'మెట్రాన్' చుట్టాలు ఏవి, కానివి ఏవి?

1. సిమ్మెట్రీ 2. మెట్రో రైలు 3. మెట్రిక్ పద్ధతి 4. "మెట్రిక్ ప్యాసయ్యాడు" అనేటప్పటి మెట్రిక్ 5. మీటియరైట్

జవాబులు: 1, 3 చుట్టాలు. సిమ్మెట్రీ అంటే రెండు వైపులా ఒకే కొలత. 2 కాదు. మెట్రోపాలిస్ నుండి వచ్చిన ఆ 'మెట్రో'కు గ్రీకులో తల్లి అని అర్థం, మెట్రోపాలిస్ అంటే తల్లి నగరం. అది మన 'మాతృ' శబ్దానికి చుట్టం. 4 కూడా కాదు. అది మెట్రిక్యులేషన్‌కు పొట్టి రూపం. పేర్ల పట్టిక అనే అర్థమున్న లాటిన్ మాట నుండి వచ్చింది, దాని మూలమూ తల్లే. తెలుగులో 3, 4 ఒకే విధంగా రాస్తాం, ఒకే విధంగా పలుకుతాం. అయినా రెండింటికీ సంబంధం లేదు! 5 ఆకాశం వైపు మాట, ఉల్కాశిల అని అర్థం.

ఏటా మార్చి 23న ప్రపంచ వాతావరణ దినోత్సవం, మే 20న ప్రపంచ మెట్రాలజీ దినోత్సవం జరుపుతారు. ఈసారి ఆ రెండింటిని కలగలపకండి. అలాగని పూర్తిగా విడదీయకండి.

చివరగా, ఈ వ్యాసం పేరు ఇంకొకసారి చదవండి. "పేరు కలిసినంత మాత్రాన" అన్నాం. ఆ 'మాత్రాన'లో ఉన్నది కూడా మాత్రే, అంటే కొలతే! మనకు తెలియకుండానే రోజూ ఆ మాటను వాడుతున్నాం.